'పెయిర్' అంటే జత, మరి 'కనెక్ట్'?

మిత్రులకు నమస్కారం. మా అమ్మకి ఈమధ్య బ్లూటూత్ కొనిచ్చాను. (మనవాళ్ళ నోట బ్లూటూత్ అంటే ఇప్పుడు చెవిలో పెట్టుకునే ఆ వస్తువే కదా. "నా బ్లూటూత్ ఎక్కడో పడిపోయింది" అంటారు.) ఆవిడ రోజూ పొద్దున్నే దాన్ని ఫోన్‌లోంచి తీసేసి, మళ్ళీ మొదట్నుంచీ పెయిర్ చేసుకుని, అప్పుడు ప్రవచనం వింటోంది. ఎందుకమ్మా అంటే "ముందు జత చేయాలిగా" అంది. ఫోన్‌లో తెలుగు పెట్టుకుంది మరి. జత చేయడం, అనుసంధానించడం ఆమె చెవికి రెండూ ఒకటే. పెయిర్‌కీ కనెక్ట్‌కీ తేడా తెలిసేలా చెప్పగల తెలుగు మాటలేమిటి? వైర్‌లెస్‌కి 'నిస్తంత్రి' అని ఉంది గానీ, నాకు దానితో పని జరగలేదు.

జవాబు: నిస్తంత్రి వింటే నాకు తీగలు తెగిన వీణ గుర్తొస్తుంది. లేనిదేమిటో చెబుతుంది, ఉన్నదేమిటో చెప్పదు. టెలిగ్రాంని 'తంతి' అన్నారంటే అది తీగ మీద వచ్చింది కాబట్టి. తంతి తపాలా శాఖ అని బోర్డులుండేవి. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ఆగింది, ఆ మాటా దాదాపు దానితోనే పోయింది.

జవాబు: అన్నా, 'జత' మాత్రం వదలకండి, చాలా మంచి మాట. మాది సేద్యం ఇల్లు. ఎడ్లకి జత కుదర్చడమంటే మా తాతకి నెలల పని. ఎత్తూ నడకా చూసి, ఒకదాని అడుగుకి ఇంకోటి సరిపడేది దొరికేదాకా సంతలు తిరిగేవాడు. అది ఒక్కసారే. ఆ తర్వాత రోజూ చేసేది కాడి కట్టడం. సాయంత్రం కాడి విప్పినా జత విడిపోదు. పెయిర్ అంటే జత కుదర్చడం, కనెక్ట్ అంటే కాడి కట్టడం. అమ్మగారికి ఇలా చెప్పి చూడండి.

లోపల జరిగేదీ ఇదే. మొదటిసారి ఫోనూ, చెవిలోదీ ఒకదాని చిరునామా ఒకటి తెలుసుకుని, తమ ఇద్దరికే తెలిసే రహస్య తాళం తయారుచేసుకుని దాచుకుంటాయి. మర్నాడు డబ్బీ మూత తీయగానే ఆ తాళంతో గుర్తుపట్టి వాటంతటవే కలుస్తాయి. జాబితాలోంచి తీసేస్తే తాళం చెరిగిపోతుంది, మళ్ళీ సంత దగ్గర్నుంచి మొదలు.

అడుగు కలపడం ఇంకా అద్భుతం. రేడియో తరంగాల్లో 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర బ్లూటూత్‌కి 79 సన్నని దారులున్నాయి. పాటలు మోసే మామూలు బ్లూటూత్ సెకనుకి 1600 సార్లు దారి మారుస్తుంది. వైఫై, మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ ప్రాంతంలోనే ఉంటాయి కనుక రద్దీగా ఉన్న దారుల్ని చూసుకుని తప్పుకుంటుంది. ఏ క్షణాన ఏ దారో ఫోను గడియారాన్నీ చిరునామానీ బట్టి రెండూ లెక్కగట్టుకుని, ఒకేసారి దూకుతాయి. అడుగు తప్పితే పాట తెగుతుంది.

పాట కూడా ఉన్నదున్నట్టు వెళ్ళదు. సీడీలో సెకనుకి 1411 కిలోబిట్లు పట్టేదాన్ని ఎస్‌బీసీ అనే కుదింపు పద్ధతిలో 328 దాకా కుదించి పంపుతారు. చెవిలోది దాన్ని విప్పి, విద్యుత్తుగా మార్చి, అయస్కాంతం పక్కనున్న బుల్లి తీగచుట్టలోకి పంపితే పొర అదురుతుంది, మనకి వినిపిస్తుంది. చివరి అడుగులో తీగ ఉండనే ఉంది! నిస్తంత్రి నాకూ నచ్చకపోవడానికి కారణం అదే.

జవాబు: బ్లూటూత్ అనే పేరులోనూ కలపడమే ఉంది. 10వ శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్‌కి బ్లూటూత్ అని మారుపేరు. డెన్మార్క్‌నీ నార్వేనీ ఒక్కటి చేశాడని 1997లో ఇంటెల్ ఇంజనీరు జిమ్ కర్డాక్ ఆ పేరు సూచించాడు. గుర్తు చూడండి, ఆయన పేరులోని రెండు పొడి అక్షరాలకి రూనిక్ అనే ఉత్తర ఐరోపా పాత లిపి రూపాల్ని అతికించింది. అదీ జతే.

జవాబు: కాడి మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఎడమ చెవిదానికీ కుడి చెవిదానికీ కొత్త మాటలు వెతకక్కర్లేదు. దాపటిది, వలపటిది. మా వైపు ఎడమ ఎద్దు దాపటెద్దు, కుడిది వలపటెద్దు. ఇప్పటి పిల్లలకి ఈ మాటలు తెలియకుండా పోతున్నాయని నా బాధ. ఇలాగైనా బతుకుతాయేమో.

మొదట అడిగినవాణ్ణి: అందరికీ దండాలు. రాత్రి అమ్మకి ఫోన్ చేసి "జత ఎప్పుడో కుదిరిందమ్మా, నువ్వు రోజూ కాడి కడితే చాలు" అన్నాను. రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. దాపట, వలపట ఆమెకి నాకన్నా బాగా తెలుసు. కాసేపాగి అడిగింది: "మరి దాపటిదానికి ఛార్జింగ్ ముందే అయిపోతోందేంట్రా, బరువంతా దానిమీదే పడుతోందా?"

జవాబు: అమ్మగారి ఊహ సరైందే అయి ఉండొచ్చు. కొన్ని రకాల్లో ఫోనుతో మాట్లాడేది ఒక్కటే, రెండోదానికి అదే అందిస్తుంది. దానికి బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతిలో మాత్రం ఫోను రెండు చెవులకీ విడివిడిగా, ఒకే లయలో పంపగలదు. ఒక రోజు ముందు వలపటిదాన్ని డబ్బీలోంచి తీసి చూడమనండి. కొన్నిటిలో ముందు బయటికొచ్చినదే బరువు ఎత్తుకుంటుంది.