వీడియో కాల్‌లో కాళ్ల స్పర్శ పరీక్ష: నమ్మొచ్చా?

టెక్కలి అబ్బాయి:
నాన్నకు 12 ఏళ్లుగా షుగర్. విశాఖ డాక్టరు గారు ఈసారి వీడియో కాల్‌లోనే నాతో నాన్న కాలివేళ్లు ముట్టించి, తెలుస్తోందా అని అడిగారు. అన్నీ తెలిశాయన్నారు నాన్న. విశాఖ వెళ్లి రావాలంటే ఒక రోజు పని పోతుంది. దీంతో సరిపెట్టుకోవచ్చా?

నరసన్నపేట అక్క:
వద్దు తమ్ముడూ. మా అమ్మకూ ఇలాగే చేశాం. నేను వంగి ముట్టుకోవడం చూస్తూనే "ఆఁ, తగిలింది" అంది. నెల తిరక్కుండా హవాయి చెప్పులోంచి మేకు దిగింది. సాయంత్రం గచ్చు మీద రక్తం మరకలు చూసి మేమే కనిపెట్టాం, అమ్మకు నొప్పే తెలియలేదు. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది.

పలాస నర్సు:
చదివి చాలా బాధేసింది అక్కా. అయితే అక్కడ తప్పు ఫోనుది కాదు, అమ్మ కళ్లు తెరిచి ఉండటం. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ డాక్టర్లు పరికరాలేవీ లేకుండా చేయడానికి వీలుగా రూపొందించిన పరీక్ష ఇది, ఇంట్లో వాళ్లూ చేయొచ్చు. కళ్లు మూయించాలి. రెండు కాళ్లకూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తాకాలి. నొక్కకూడదు, నిమరకూడదు. "తగిలిందా?" అని అడగనే కూడదు, తెలిసినప్పుడు వాళ్లే కుడో ఎడమో చెప్పాలి. ఆరింట్లో రెండు తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే.

నరసన్నపేట అక్క:
పిల్లలంతా హైదరాబాద్, చెన్నైలలో ఉంటే ఒంటరి ముసలివాళ్ల కాళ్లు ఎవరు ముట్టుకుంటారు? ఆరూ తెలిస్తే ఇక ఆసుపత్రికి వెళ్లక్కర్లేదా?

పలాస నర్సు:
వెళ్లాలి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో, కొడితే అదిరే 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో చూడాలి. పాదంలో నాడి కొట్టుకుంటోందో లేదో చేత్తో పట్టి చూడాల్సిందే. ఏడాదికి ఒక్కసారైనా ఇవి తప్పవు. మధ్యలో తేడా వస్తే ముందే పట్టుకోవడానికే ఇంటి పరీక్ష. ఒంటరిగా ఉన్నవాళ్లకు ఊళ్లోని ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో నేర్పించొచ్చు. నేర్పడానికి పది నిమిషాలు చాలు.

టెక్కలి అబ్బాయి:
రాత్రి కళ్లు మూయించి మళ్లీ చేశాను. కుడికాలు బాగానే చెప్పారు. ఎడమ చిటికెనవేలు, మధ్యవేలు తాకాక నేను ఆగి చూస్తుంటే, "ఇంకా మొదలెట్టలేదేటి?" అన్నారు. సోమవారం పొద్దున్నే విశాఖ తీసుకెళ్తున్నా.