మొరాకో గ్రూప్ టూర్‌కి మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకెళ్లొచ్చా?

నమస్కారమండీ, మాది విజయవాడ. డిసెంబర్‌లో అమ్మతో మొరాకో గ్రూప్ టూర్‌కి వెళ్దామని ఉంది. మర్రకేష్, ఫెస్, మధ్యలో మెర్జూగా ఎడారిలో ఒక రాత్రి. అమ్మకు పాత కట్టడాలంటే ప్రాణం, ఉండవల్లి గుహలు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. కానీ మోకాళ్ల నొప్పులు. ఫెస్ పాతబస్తీ సందుల్లోకి కార్లు రావు, అంతా నడకే. గ్రూప్ వెనక అమ్మ ఒక్కతే మిగిలిపోతుందేమోనని నా టెన్షన్. గైడ్లు ఆగుతారా?

మర్రకేష్ నుంచి మెర్జూగా 550 కిలోమీటర్ల పైనే, అదీ అట్లాస్ కొండల్లో దాదాపు 2,260 మీటర్ల ఎత్తున్న కనుమ దాటి. దారిలో ఎక్కడైనా రాత్రి ఆపే టూరే మంచిదనిపిస్తోంది. క్యాంపుకి ఒంటె బదులు జీపులో తీసుకెళ్తారా? రాత్రి చలి పెద్దవాళ్లు తట్టుకోగలరా? అమ్మ గుడ్డు కూడా ముట్టదు, కూరగాయల తజీన్ (మట్టిపాత్రలో వండే అక్కడి కూర) విడిగా వండిస్తారా? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.