అనుమానితుడు, నిందితుడు ఒకటేనా? తెలిసినవాళ్లు చెప్పండి

మా తమ్ముడు పనిచేసే షాపులో పోయిన నెల నగదు పోయింది. ఎఫ్‌ఐఆర్ ఏడో కాలమ్‌లో, నిందితుల వివరాల దగ్గర "గుర్తుతెలియని వ్యక్తులు" అనే ఉంది. మొన్న వీడికి నోటీసు వచ్చింది. సాక్షిని పిలవాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 179 కింద పిలుస్తారు కదా, వీడికిచ్చింది 35(3), అంటే పాత సీఆర్‌పీసీలో 41ఏ, నేరం చేశాడని అనుమానం ఉన్నవాళ్లని విచారణకు రమ్మనే నోటీసు. ఎస్‌ఐ గారేమో "నువ్వు అనుమానితుడివే, నిందితుడివి కాదు, టెన్షన్ పడకు" అన్నారట. అమ్మకి రెండూ ఒకటే, రెండ్రోజులుగా సరిగా అన్నం తినట్లేదు.

ఈ నోటీసు ఇస్తే కేసులో పేరు ఎక్కినట్టేనా? పిలిచినప్పుడల్లా వెళ్తే మామూలుగా అరెస్టు చేయరని చదివాను, నిజమేనా? పక్కింటాయనైతే సస్పెక్ట్ షీట్ (అనుమానితుల మీద నిఘా పెట్టడానికి స్టేషన్‌లో ఉంచే రికార్డు) తెరుస్తారని భయపెడుతున్నాడు (ఆయనకు అన్నీ తెలుసు మరి!). ఒక్క అనుమానానికే అలా తెరుస్తారా? సోమవారం స్టేషన్‌కి వెళ్లాలి, లాయర్‌ని వెంట తీసుకెళ్లమంటారా?