1,80,000 మంది కలిసి 28.8 సెకన్లలో గోడ కట్టగలరా? లెక్క సరిచూడగలరు

ప్రశ్న: బనశంకరి తండ్రి

అందరికీ నమస్కారం. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి సెలవుల్లో చేయమని ఇచ్చిన అభ్యాసపత్రంలో ఈ లెక్క ఉంది: “12 మంది పనివారు రోజుకు 8 గంటల చొప్పున పనిచేసి 30 మీటర్ల గోడను 15 రోజుల్లో కడతారు. 1,80,000 మంది అదే గోడను ఎంతసేపట్లో కడతారు?” విలోమానుపాతం ప్రకారం 12ను 15తో గుణిస్తే 180 పనిదినాలు వస్తాయి, దాన్ని 1,80,000తో భాగిస్తే 8 గంటల పనిరోజులో వెయ్యో వంతు, అంటే 28.8 సెకన్లు. పత్రం చివర ఇచ్చిన జవాబు కూడా అదే. అమ్మాయి ఆ జవాబు రాసి, దాని కింద పెన్సిలుతో “వీళ్ళందరూ ఎక్కడ నిలబడతారు?” అని అడిగింది.

ప్రశ్న న్యాయమైనదే కనుక, జవాబుతో పాటు ఒక సాంకేతిక నివేదికను కూడా జతచేసి టీచరుగారికి సమర్పించాలని నిశ్చయించుకున్నాము. లెక్కలో ఇచ్చిన ఏ అంకెనూ కాదనకూడదన్నది, నివేదికలో ఎక్కడా నవ్వు కనబడకూడదన్నది మేము పెట్టుకున్న నియమాలు. స్థలం లెక్క ఇలా వేశాము. ఒక మనిషి గోడ పక్కన నిలబడి చేతులాడించడానికి కనీసం అర మీటరు కావాలి కాబట్టి, 30 మీటర్ల గోడకు ఒక వైపు 60 మంది, రెండు వైపులా కలిపి 120 మంది పడతారు. మిగిలిన 1,79,880 మంది వెనుక వరుసల్లో ఉండాలి. చదరపు మీటరుకు నలుగురి చొప్పున ఒత్తుగా నిలబెట్టినా సుమారు 45,000 చదరపు మీటర్లు, అంటే 11 ఎకరాల పైచిలుకు స్థలం కావాలి. మన బెంగళూరులోని లాల్‌బాగ్ విస్తీర్ణం 240 ఎకరాలు కనుక గోడను అక్కడ కట్టవచ్చని ప్రతిపాదించాము. ఉద్యానవన శాఖ అనుమతికి పట్టే కాలాన్ని 28.8 సెకన్లలో కలపలేదు. ఇంకా ఏమేమి చేర్చాలో పెద్దలు సెలవివ్వగలరు.

జవాబు: మారతహళ్ళి నివాసి

రవాణా విషయం మరిచిపోయారు. బస్సుకు 60 మంది చొప్పున 1,80,000 మందికి 3,000 బస్సులు కావాలి. ఒక్కో బస్సు పొడవు 12 మీటర్లనుకుంటే, మధ్యలో బెత్తెడు ఖాళీ కూడా వదలకుండా నిలబెట్టినా ఆ వరుస 36 కిలోమీటర్లు సాగుతుంది. మన ఔటర్ రింగ్ రోడ్డు మొత్తం పొడవు సుమారు 60 కిలోమీటర్లు. సగానికి మించిన రోడ్డు మీద బస్సులు కదలకుండా నిలబడి ఉంటే ఎలా ఉంటుందని అడగకండి, సిల్క్ బోర్డు కూడలిలో సాయంత్రం ఆరు గంటలకు ఆ ప్రయోగం ఎలాగూ జరుగుతూనే ఉంది.

కూలి సంగతి కూడా చూడండి. రోజు కూలి వెయ్యి రూపాయలనుకుంటే, రోజులో వెయ్యో వంతు పనికి తలకు సరిగ్గా ఒక్క రూపాయి వస్తుంది. ఒక్క రూపాయికి ఎవరూ రారు, పిలిచాక అర రోజు కూలైనా ఇవ్వక తప్పదు. అప్పుడు 1,80,000 రూపాయల్లో కావలసిన గోడకు 9 కోట్లు ఖర్చవుతుంది.

జవాబు: వైట్‌ఫీల్డ్ కోడర్

మా ఆఫీసులో ఈ లెక్కను ఎవరూ వింతగా చూడరు, ప్రాజెక్టు ఆలస్యమైన ప్రతిసారీ దీన్నే వేస్తారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు. ఒకరికొకరు చెప్పుకోవలసిన జతల సంఖ్య మనుషుల సంఖ్యకన్నా చాలా వేగంగా పెరగడం అందుకు ఒక ముఖ్య కారణం. 12 మందిలో 66 జతలుంటాయి. 1,80,000 మందిలో 1,619 కోట్ల 99 లక్షల 10 వేల జతలుంటాయి. ప్రతి జతా ఒక్కసారి “ఇటుక ఇటివ్వు” అనుకున్నా 28.8 సెకన్లు చాలవు.

జవాబు: జయనగర్ విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మాయికి నా ఆశీస్సులు. ఇటువంటి నివేదికకు ఒక మంచి పూర్వోదాహరణ ఉంది. 2018లో చైనాలోని షున్‌చింగ్ జిల్లాలో ఐదో తరగతి పిల్లలకు, ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉంటే కెప్టెన్ వయసెంత అన్న ప్రశ్న ఇచ్చారు. ఒకాయన ఆ జంతువుల బరువు 7,700 కిలోలని తేల్చి, 5,000 కిలోలకు మించిన సరుకు మోసే ఓడ నడపాలంటే అయిదేళ్ళుగా లైసెన్సు ఉండాలని, ఆ లైసెన్సుకు కనీస వయసు 23 అని చెప్పి, కెప్టెన్‌కు 28 ఏళ్ళకు తక్కువ ఉండవని జవాబిచ్చారు.

అయితే అనుపాత సూత్రాన్నే తప్పుపట్టవద్దని మనవి. భాస్కరాచార్యుడు తన గణిత గ్రంథం లీలావతిలో, ఒక కుండాన్ని విడివిడిగా ఒక రోజు, అర రోజు, మూడో వంతు, ఆరో వంతు రోజులో నింపే నాలుగు ధారలను ఒకేసారి వదిలితే ఎంతసేపట్లో నిండుతుందని అడిగాడు. ఒకటి, రెండు, మూడు, ఆరు కలిపితే పన్నెండు కనుక రోజులో పన్నెండో వంతు, అంటే 2 గంటలు. అక్కడ సూత్రం చక్కగా నిలబడుతుంది, ఎందుకంటే ఒక నీటి ధార మరొక ధార కాలు తొక్కదు. మీ గోడ దగ్గర సూత్రం ఏ మనిషి దాకా పనిచేస్తుంది, ఏ మనిషి దగ్గర ఆగిపోతుంది అన్నది తేల్చితే నివేదిక సంపూర్ణమవుతుంది.

జవాబు: సైట్ సూపర్‌వైజర్, ఎలక్ట్రానిక్ సిటీ

మాస్టారు అడిగిన సంఖ్యను తాపీ పని తెలిసినవాడిగా నేను చెప్పగలను. గోడ ఎత్తు 2 మీటర్లు, మందం 9 అంగుళాలు అనుకుందాం. పరిమాణం 13.8 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకు 500 చొప్పున 6,900 ఇటుకలు. 1,80,000 మందికి పంచితే ఒక్కో ఇటుకను 26 మంది పట్టుకోవాలి. మొత్తం 20 వరుసలు కనుక, 28.8 సెకన్లలో ముగించాలంటే వరుసకు 1.44 సెకన్లు. ఆ వ్యవధిలో మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) పరచాలి, ఇటుక పెట్టాలి, దారం చూడాలి, గోడ నిలువుగా ఉందో లేదో చూసే తూకం గుండు వేలాడదీయాలి. గుండు ఊగడం ఆగడానికే అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది.

అసలు అడ్డంకి సిమెంటు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు గట్టిపడడం మొదలు కావడానికి కనీసం 30 నిమిషాలుండాలని మన ప్రమాణాలే చెబుతున్నాయి, అందువల్ల ఇరవయ్యో వరుస పడేనాటికి మొదటి వరుస ఇంకా పచ్చిగానే ఉంటుంది. పచ్చి మాలు మీద బరువు పెరిగితే గోడ పొట్ట వస్తుంది. ఆ భయంతోనే ఒక రోజులో మీటరున్నరకు మించి లేపము. కాబట్టి 2 మీటర్ల గోడకు ఎందరున్నా 2 రోజులు పట్టితీరుతుంది. 180 పనిదినాలను 2తో భాగిస్తే 90 వస్తుంది. 90 మంది దాకా మీ అనుపాతం నిలుస్తుంది, పైగా 120 మందికి చోటుంది కనుక ఇరుకు కూడా లేదు. 91వ మనిషి వచ్చినా గోడ ఒక్క క్షణం కూడా ముందుగా లేవదు.

ఇంకో అనుమానం, దీన్ని నివేదికలో రాయాలో వద్దో మీరే చూసుకోండి. 6,900 ఇటుకలను 180 పనిదినాలతో భాగిస్తే మనిషికి రోజుకు 38 ఇటుకలే పడుతున్నాయి. ఆ పన్నెండు మందిని ఎవరు పనిలో పెట్టుకున్నారో గానీ, నా సైటులో అయితే మధ్యాహ్నం భోజనాల లోపే వాళ్ళతో మాట్లాడేవాణ్ణి.

బనశంకరి తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. తుది జవాబుగా “90 మంది, 2 రోజులు” అని రాసి, 28.8 సెకన్లను సిద్ధాంతపరమైన విలువగా పైన ఉంచాము. 38 ఇటుకల సంగతి అమ్మాయి పట్టుబట్టి అనుబంధంలో చేర్చింది. క్యూరింగ్‌కు వారం రోజులు నీళ్ళు పట్టాలి కాబట్టి, మిగిలిన 1,79,910 మందిలో ఇద్దరిని ఉంచుకుని తక్కినవారిని బస్సుల్లో వెనక్కి పంపుతున్నాము.