కొత్త .22 పిస్టల్, 100 రౌండ్లలో 9 సార్లు ఆగింది: తప్పు తూటాదా, తుపాకీదా, నాదా?

డాలస్_దిబ్బరొట్టె:
అందరికీ నమస్తే. గ్రీన్‌కార్డ్ వచ్చాక చాన్నాళ్లు ఊగిసలాడి ఈ నెలలో మొదటి తుపాకీ కొన్నాను. .22 ఎల్‌ఆర్ అనే సన్న తూటా వేసే సెమీ ఆటోమేటిక్ పిస్టల్, పాలిమర్ ఫ్రేము, పదేసి రౌండ్ల మ్యాగజైన్లు రెండు. బ్రాండ్ పేరు మాత్రం అడగొద్దు, చెబితే దాని అభిమానులూ విరోధులూ ఇక్కడే కొట్టుకుంటారు, నా ప్రశ్న ఎవరికీ పట్టదు. దానికన్నా పెద్ద తూటా వేసే 9 ఎంఎం ఎందుకు తీసుకోలేదంటే, అద్దెకు తీసుకుని రెండుసార్లు కాల్చి చూశాను, ప్రతి చప్పుడికీ కళ్లు మూసేసుకుంటున్నాను. పైగా .22 తూటాలైతే దాని ఖర్చులో సగం కూడా కాదు.

నిన్న ఆదివారం పొద్దున్నే ఇండోర్ షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను. పిస్టల్‌ని పెట్టెలోంచి తీసింది తీసినట్టే పట్టుకెళ్లా. తూటాలు కూడా అన్నిటికన్నా చవకగా దొరికిన పెద్ద డబ్బా. టార్గెట్ 7 గజాల్లో పెట్టుకున్నా. మొదటి మ్యాగజైన్ పదికి పది పేలాయి, ఇంకేముంది ఒలింపిక్సే అనుకున్నా. రెండోదాంట్లో నాలుగోది టిక్ అంది, అంతే. అక్కడినుంచి లెక్క రాసుకున్నాను: 5 సార్లు పిన్ కొట్టినా పేలలేదు, 3 సార్లు ఖాళీ కేసింగ్ బయటికి ఎగిరిపోకుండా స్లైడ్‌లో (కాల్చినప్పుడల్లా వెనక్కి వెళ్లొచ్చే పైభాగం) ఇరుక్కుని మేకులా నిలువుగా నిలబడింది, ఒకసారి తూటా ముక్కు పైకెత్తుకుని గొట్టం వెనక చాంబర్లోకి వెళ్లనే లేదు. కౌంటర్ దగ్గర కుర్రాడు "కొత్తది కదా, అలవాటు పడుతుందిలే" అన్నాడు. అలవాటు పడాల్సింది అదా నేనా అర్థం కాలేదు.

ఇంకోటి, పేలినవన్నీ మధ్య చుక్కకి ఎడమవైపు కిందకే వెళ్లి గుమిగూడుతున్నాయి. పిస్టల్ మీద గురిచూసే సైట్లు జరపాలా? లేక షాపుకి తిరిగిచ్చేయాలా? శనివారం మళ్లీ వెళ్తున్నా. మా బామ్మర్ది హెచ్‌1బీ మీద ఈమధ్యే వచ్చాడు, వాడిచేత కూడా ఓ 20 కాల్పిద్దామనుకుంటున్నా.

హూస్టన్_బాబాయ్:
తిరిగివ్వకు. ముందు ఒక మాట చెప్పు, విప్పి తుడిచావా? కొత్త పిస్టల్‌కి ఫ్యాక్టరీలో పూసి పంపేది చాలావరకు తుప్పు పట్టకుండా ఉండటానికి, జిగటగా ఉంటుంది. అదంతా గుడ్డతో తుడిచేసి, స్లైడ్ జరిగే గాడుల్లో ఒక్కో చుక్క నూనె వెయ్యి. ఒక్క చుక్కే, పోపు పెట్టినట్టు పోయకు.

ఇక పేలని ఐదు. 9 ఎంఎం తూటాకి అడుగున మధ్యలో పిన్ దెబ్బకి అంటుకునే ప్రైమర్ బిళ్ల వేరేగా ఉంటుంది. దీనికి అది ఉండదు, ఆ అంటుకునే మందు అంచు లోపలి మడతలో ఉంటుంది, అందుకే రిమ్‌ఫైర్ అన్నారు. తయారుచేసేటప్పుడు తడి మందు కేసింగ్ అడుగున వేసి గిర్రున తిప్పుతారు, అది అంచు చుట్టూ పాకాలి. పిండి సరిగ్గా తిప్పకపోతే దోసెకి ఒక పక్క ఎలా బోసిగా ఉంటుందో, ఇక్కడా ఎక్కడో ఓ చోట మందు చేరదు. పిన్ సరిగ్గా అక్కడే కొట్టిందనుకో, తుస్. చవక డబ్బాల్లో ఇది మామూలే. 1887 నుంచి ఉన్న తూటా, దాని గుణాలు దానివి.

ఈసారి పేలకపోతే ఏం చేయాలో చెప్తా. ముందు గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు లెక్కపెట్టు. దీపావళికి లక్ష్మీబాంబు పేలకపోతే దగ్గరికి వెళ్లొద్దని ఇంట్లో అరిచేవాళ్లు గుర్తుందా, అదే సంగతి, ఆలస్యంగా పేలేవి కూడా ఉంటాయి. తర్వాత తీసి అంచు మీద పిన్ గుర్తు చూడు. గాటు లోతుగా ఉంటే తూటాదే లోపం, సగం చుట్టు తిప్పి మళ్లీ పెడితే చాలావరకు పేలిపోతుంది. గాటు పైపైన గీసినట్టుంటే మాత్రం పిన్ బలంగా కొట్టట్లేదు, లేదా స్లైడ్ పూర్తిగా మూసుకోవట్లేదు. అప్పుడు పిస్టల్‌ని అనుమానించు.

మేకులా నిలబడటాన్ని ఇక్కడివాళ్లు స్టవ్‌పైప్ అంటారు. .22కి ఉన్న శక్తే కొంచెం, కొత్త స్ప్రింగ్ బిర్రుగా ఉంటుంది, స్లైడ్ పూర్తిగా వెనక్కి పోకముందే తిరిగొచ్చేస్తుంది. మొదటి రెండు మూడు వందల రౌండ్లు గట్టి తూటా వాడు. 40 గ్రెయిన్ల బరువు గుండున్న సీసీఐ కంపెనీ మినీ-మ్యాగ్ లాంటిది, సెకనుకి 1,235 అడుగులు. మణికట్టు వదులుగా పట్టినా ఇదే జరుగుతుంది, అదీ చూసుకో.

ముక్కు పైకెత్తినది నువ్వు మ్యాగజైన్ నింపిన తీరు వల్ల కావచ్చు. ఈ తూటాలకి అంచు బయటికి ఉంటుంది కదా, పైదాని అంచు కిందదాని అంచుకి ముందు కూర్చోవాలి. వెనక పడిందంటే ముందుకి తోసినప్పుడు రెండూ పెనవేసుకుంటాయి. బటన్‌ని కిందికి లాగేసి గుప్పెడు పోసేయకుండా ఒక్కోటీ పెట్టు.

హైదరాబాద్_25మీ:
బాబాయ్ చెప్పినవన్నీ నిజమే, తూటా విషయంలో తప్ప. నేను 25 మీటర్ల పిస్టల్ ప్రాక్టీస్ చేస్తాను, అదీ .22 ఎల్‌ఆరే. మేం వాడేది స్టాండర్డ్ వెలాసిటీ, అంటే తక్కువ వేగం రకం, సెకనుకి 1,070 అడుగుల దగ్గర. ధ్వని వేగం దాటదు, టార్గెట్ మీద రంధ్రాల గుంపు చిన్నగా వస్తుంది. వేగం ఎక్కువైతే గొప్ప అనుకోవద్దు.

నాకైతే పిస్టల్ ఆగడం కన్నా ఆ ఎడమ-కింద గుంపు ముఖ్యం. నీది కుడిచెయ్యి అయితే సైట్ల జోలికి పోకు, అది సైట్ల తప్పు కాదు. చప్పుడు రాబోతోందని చెయ్యి ముందే బిగుసుకుని, ట్రిగ్గర్‌ని నొక్కాల్సింది పోయి లాగేస్తోంది. 9 ఎంఎంతో కళ్లు మూసుకున్నానన్నావే, ఆ భయం ఇంకా చేతిలో ఉంది. పరీక్ష ఒకటుంది. మందులేని డమ్మీ తూటాలు రెండు మూడు కొను, నువ్వు చూడకుండా వేరేవాళ్లు వాటిని మ్యాగజైన్లో అసలు వాటి మధ్య కలిపేయాలి. డమ్మీ వచ్చినప్పుడు చప్పుడు లేకుండానే గొట్టం కిందికి వంగుతుంది చూడు, సిగ్గేస్తుంది. నాకు వేసింది.

మా ఈవెంట్‌లో రెండో భాగంలో టార్గెట్ 3 సెకన్లే కనిపిస్తుంది, తర్వాత 7 సెకన్లు ఉండదు, ఆ 7 సెకన్లూ చెయ్యి 45 డిగ్రీలు కిందికి దించి ఉంచాలి. పైకెత్తి, గురిచూసి, ఒక్కటే కాల్చాలి, అదీ ఒంటిచేత్తో. మా ఊరి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో వెండి గెలిచింది ఇందులోనే. ఆగిపోతే మేం పిస్టల్‌ని టార్గెట్ వైపే ఉంచి రెండో చెయ్యెత్తుతాం, రేంజ్ ఆఫీసర్ వస్తాడు. తిప్పి చూపించడాలు ఉండవు. నువ్వు కౌంటర్ కుర్రాడికి ఎలా చూపించావో గానీ, పిస్టల్ పట్టుకుని వెనక్కి తిరగలేదనే అనుకుంటున్నా.

హూస్టన్_బాబాయ్:
తల్లీ, మీ టార్గెట్ పిస్టళ్లకి స్ప్రింగులు ఆ తూటాకి తగ్గట్టే పెట్టి ఇస్తారు. ఇతనిది సరదాకి ఖాళీ డబ్బాల్ని గురిచూసి కాల్చుకునే తుపాకీ. ముందు నడవనీ, తర్వాత పరిగెత్తిద్దాం. డమ్మీ తూటాల మాట మాత్రం నూటికి నూరు.

న్యూజెర్సీ_నరసాపురం:
అందరూ స్ప్రింగుల గొడవలో పడ్డారు, బామ్మర్ది సంగతి ఎవరూ పట్టించుకోలేదు. బ్రదర్, ఆపు. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్‌1బీ, ఎఫ్1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. "కొనట్లేదుగా, నాది ఇస్తున్నా అంతే" అంటే కుదరదు, చేతిలో పట్టుకున్నా ఉన్నట్టే లెక్క, తెలిసి ఇచ్చిన నీకూ చుట్టుకుంటుంది. మినహాయింపులున్నాయి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ అందులో ఒకటి. చాలామంది మనవాళ్లు అదే తీసుకుని వెళ్తారు. అయినా ఇమిగ్రేషన్ వ్యవహారం, 20 రౌండ్ల సరదాకి వీసా పణంగా పెట్టుకుంటామా? లాయర్‌ని ఒక మాట అడగండి.

అట్లాంటా_గృహిణి:
ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇదీ చదవండి. .22 తూటాలు ఎక్కువగా ఉత్త సీసమే, పైన మైనం పూత తప్ప రాగి తొడుగుండదు. చాలావాటి ప్రైమర్ మందులోనూ సీసం ఉంటుంది. ఇండోర్ రేంజ్‌లో ఆ దుమ్ము చేతులకీ బట్టలకీ అంటుకుని వస్తుంది. చేతులు చల్లనీళ్లతో, సబ్బుతో కడుక్కోండి, రేంజ్‌లో నోట్లో ఏమీ వేసుకోవద్దు, ఆ బట్టలు విడిగా ఉతకండి. చెప్పులు గుమ్మం బయట వదిలే అలవాటు మనకి ఎలాగూ ఉంది, రేంజ్ బూట్లు కూడా అక్కడే. మా ఆయన మొదట్లో నవ్వాడు, ఇప్పుడు ఆయనే స్నానం చేశాకే పిల్లని ఎత్తుకుంటున్నాడు.

డాలస్_దిబ్బరొట్టె:
శనివారం వెళ్లొచ్చాను. బామ్మర్దిని తీసుకెళ్లలేదు, వాడు అలిగాడు, చికెన్ బిర్యానీతో సర్దుకుంది.

విప్పి తుడిచాను, గుడ్డంతా తేనె రంగు జిడ్డు. మినీ-మ్యాగ్ 100 రౌండ్లు, ఒక్కోటీ చూసి నింపాను. ఒకే ఒక్కసారి ఆగింది, 31వది, స్టవ్‌పైప్. ఆ తర్వాత పాత డబ్బాలోవి 30 కాల్చాను, రెండు పేలలేదు. గాటు లోతుగానే ఉంది. 30 సెకన్లు ఆగి, తీసి సగం తిప్పి పెడితే ఒకటి పేలింది, రెండోది మాత్రం ససేమిరా అంది, రేంజ్‌లో పేలని తూటాలు వేసే డబ్బాలో వేసొచ్చా.

ఇక అసలు సంగతి. మా ఆఫీస్ ఫ్రెండ్ డమ్మీలు రెండు కలిపి ఇచ్చాడు. ఆరోది డమ్మీ. టిక్ అంది, గొట్టం రెండంగుళాలు కిందికి దిగింది, నా కళ్లతో నేనే చూశాను. వాడు పక్కన పడీపడీ నవ్వాడు. ఇన్నాళ్లూ సైట్లని తిట్టుకుంటున్నాను! తర్వాత నాలుగు మ్యాగజైన్లు అలాగే కలిపించుకుని కాల్చాను, చివరికి గుంపు ఇంకా కొంచెం ఎడమకే ఉంది గానీ కింద నుంచి పైకొచ్చింది, అరచేతితో కప్పేయొచ్చు.

ఒక సందేహం: ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ ప్రాక్టీస్ చేయొచ్చా?

హైదరాబాద్_25మీ:
మాన్యువల్ చూడు. కొన్నిటికి పర్లేదని రాస్తారు. లేకపోతే రిమ్‌ఫైర్‌లో పిన్ నేరుగా చాంబర్ అంచుకి తగిలి అక్కడ నొక్కు పడుతుంది, తర్వాత తూటాలు ఇరుక్కుంటాయి. డమ్మీ పెట్టే చెయ్యి, అదీ తూటాలన్నీ వేరే గదిలో పెట్టాకే.

హూస్టన్_బాబాయ్:
అసలు డమ్మీలు నాలుగు దెబ్బలకే అరిగిపోతాయి. గోడకి స్క్రూలు బిగించేటప్పుడు వాడే పసుపు ప్లాస్టిక్ యాంకర్లు, 4వ నంబరువి కొను, .22 చాంబర్లో కొలిచినట్టు కూర్చుంటాయి. ఇక్కడ అందరూ అదే వాడతారు, వంద దొరుకుతాయి.

డాలస్_దిబ్బరొట్టె:
థాంక్స్ బాబాయ్, ఇప్పుడే తెచ్చాను. ఆ ప్యాకెట్ చూసి, ఆరునెలలుగా గోడకి ఆనించి ఉన్న పెళ్లి ఫోటో ఇవాళ పైకెక్కుతుందని మా ఆవిడ సంబరపడిపోతోంది, నిజం ఎలా చెప్పాలో తెలియట్లేదు.