ఫొటోలో తెల్ల కొంగ ఈకలు వెలుతురు ఎక్కువై మాడిపోతున్నాయి, తెల్ల గోడ మాత్రం బూడిదరంగులో వస్తోంది. ఎందుకు?

ప్రశ్న:
కెమెరా అపెర్చర్ ప్రయారిటీలో ఉంది (లెన్స్ రంధ్రం ఎంతో నేను పెడతాను, షట్టర్ వేగం కెమెరాయే చూసుకుంటుంది), మీటరింగ్ అంటే వెలుతురు కొలత ఫ్రేమంతటికీ. తెల్ల గోడ ముందు తెల్ల బట్టలు తీస్తే మాసినట్టు వస్తున్నాయి. నల్ల కుక్కను ఫ్రేము నిండా తీస్తే బొచ్చు వెలిసినట్టుంది. తెల్లవాటికి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకన్నా వెలుతురు పెంచే, తగ్గించే సర్దుబాటు) ప్లస్‌లో పెట్టాలంటారు కదా అని చెరువులో కొంగకు +1 పెడితే ఈకలన్నీ కలిసి ఒకే తెల్ల మచ్చ. పొరపాటు ఎక్కడ?

జవాబు 1:
మీటరుకు గోడేదో కొంగేదో తెలీదు. ఏది చూపించినా మధ్యస్థ బూడిదరంగుకు తేవాలనే చూస్తుంది. ఫ్రేము నిండా తెలుపుంటే ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది, కాబట్టి గోడకు మీరు +1 నుంచి +1.7 దాకా కలపాలి. కుక్కకు అంతే మేర తగ్గించాలి.

కొంగ దగ్గర లెక్క తిరగబడింది. ఫ్రేములో ముప్పావు వంతు ముదురు నీళ్లే. వాటిని చూసి మీటరు అప్పటికే ఎక్స్‌పోజర్ పెంచేసింది, దాని మీద మీ +1 పడింది, అంటే వెలుతురు మళ్లీ రెట్టింపు. అక్కడ -0.7 నుంచి -1.3 ఉండాలి. మబ్బు పట్టిన ఆకాశంలో ఎగిరే కాకికి సరిగ్గా ఎదురు: +1.3 నుంచి +2, లేకపోతే నల్లటి ఆకారమే మిగులుతుంది. ఫ్రేములో ఏ రంగు ఎంత మేర ఉందో ముందు చూసుకోండి.

జవాబు 2:
కొంగ కదలకుండా నిలబడితే స్పాట్ మీటరింగ్ (ఫ్రేములో చిన్న చుక్కంత చోటునే కొలవడం) నయం. ఎండ పడే రొమ్ము మీద స్పాట్ పెట్టి, +1.3 ఇచ్చి, ఏఈ లాక్ (ఎక్స్‌పోజర్‌ను అలాగే పట్టి ఉంచే బటన్) నొక్కి ఫ్రేము సర్దుకోండి. ఇక్కడ మళ్లీ ప్లస్సే, ఎందుకంటే ఇప్పుడు మీటరుకు తెలుపు తప్ప ఇంకేమీ కనబడదు. చాలా కెమెరాల్లో స్పాట్ మధ్యలోనే ఉంటుంది, ఫోకస్ పాయింటుతో పాటు కదలదు. చాలామంది తప్పేది అక్కడే.

తీశాక హైలైట్ అలర్ట్ (మాడిన చోట్లు తెర మీద మిణుకుమనే హెచ్చరిక) చూడండి. ఈకలు మిణుకుమంటే 0.3 చొప్పున తగ్గించండి. ఆ హెచ్చరిక జేపెగ్‌ను బట్టి వచ్చేది, రా ఫైల్లో (సెన్సర్ పట్టిన అసలు డేటా) ఇంకాస్త మిగిలి ఉంటుంది. అయినా పూర్తిగా పోయిన ఈక గీతలు ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు.

జవాబు 3:
ఎగిరే కొంగకైతే పూర్తి మాన్యువలే (అన్నీ చేత్తో పెట్టుకోవడం) నా ఓటు. నీళ్ల మీంచి ఆకాశంలోకి లేచినప్పుడు వెనక ఉన్న దృశ్యం మారుతుంది కానీ కొంగ మీద పడే ఎండ మారదు. నిండు ఎండలో, సూర్యుడు మీ వెనక ఉంటే: ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 400, అపెర్చర్ ఎఫ్/8, షట్టర్ సెకనులో 1/2000 నుంచి 1/2500 వంతు. ఆటో ఐఎస్ఓ తీసేయడం మరవొద్దు, అది ఉంటే మీటరు మళ్లీ చెయ్యి పెడుతుంది.