అమ్మకి ఇంగ్లీష్‌లో మెమరీ టెస్ట్ పెట్టి డిమెన్షియా అన్నారు, నమ్మాలా వద్దా?

తెనాలి_అమ్మాయి (న్యూజెర్సీ):
అందరికీ నమస్తే. మా అమ్మకి 74. తెనాలి దగ్గర పల్లెటూరు, ఐదో తరగతి దాకా చదువుకుంది, నాన్న పోయాక ఆరేళ్ల కిందట గ్రీన్ కార్డ్ మీద మా దగ్గరకి వచ్చేసింది. ఏడాదిగా ఏదో తేడాగా ఉంది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తోంది, మాత్ర వేసుకున్నానా అని పదిసార్లు అడుగుతోంది, పోయిన నెల వాకింగ్‌కని వెళ్లి ఇల్లు ఎటో తెలీక ఎవరింటి మెట్ల మీదో కూర్చుండిపోయింది.
డాక్టర్ దగ్గరకి తీసుకెళ్తే పది నిమిషాల టెస్ట్ పెట్టారు. తెలుగులోకి మార్చి చెప్పే ఇంటర్‌ప్రెటర్ లేరు, మా తమ్ముడినే తెలుగులో చెప్పమన్నారు. గుర్తుపెట్టుకోవాల్సిన మాటలు ఐదు: ఫేస్, వెల్వెట్, చర్చ్, డైసీ, రెడ్. వెల్వెట్‌ని వాడు ముఖమల్ అన్నాడు, డైసీ దగ్గర ఆగిపోయి "ఏదో పువ్వమ్మా" అన్నాడు. తర్వాత ఎఫ్ అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్నొస్తే అన్ని చెప్పమన్నారు, అమ్మకి ఏబీసీడీలే రావు. నోరు తెరవకుండా ఒళ్లో చేతులు పెట్టుకుని అలా కూర్చుంది. 30కి 13 వచ్చాయి, డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు) అని రాసేశారు. కార్లో వస్తూ "నేను ఫెయిలయ్యానా నాన్నా" అని తమ్ముణ్ణి అడిగింది.
తమ్ముడేమో టెస్టే తప్పు, అమ్మకేం లేదు వయసు మీద పడిందంతే అంటున్నాడు. నాకు డాక్టర్ మాటా పూర్తిగా నమ్మబుద్ధి కావట్లేదు, వీడి మాటా నమ్మబుద్ధి కావట్లేదు. ఏం చేయాలి?

అట్లాంటా_నర్సు:
చెల్లీ, మీ డౌటే కరెక్ట్. 11 ఏళ్లుగా మెమరీ క్లినిక్‌లో చేస్తున్నా, ఇలాంటివి వారానికొకటి చూస్తాను. మీరు చెప్పింది మోకా టెస్ట్, అందులో 30కి 26 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నార్మల్ అంటారు, 12 ఏళ్లు లేదా తక్కువ చదివినవాళ్లకి ఒక్క మార్కు కలుపుతారు. ఐదో తరగతి చదివి, ఇంగ్లీష్ రాక, ఆ టెస్టులో గీయమనే డబ్బా బొమ్మ (క్యూబ్) ఎప్పుడూ గీయని మనిషికి ఆ ఒక్క మార్కు ఏం సరిపోతుంది చెప్పండి.
ఇది మనొక్కళ్ల గొడవ కాదు. ఇక్కడ నల్లజాతి పెద్దవాళ్లలో డిమెన్షియా తెల్లవాళ్లకంటే దాదాపు రెట్టింపు, హిస్పానిక్ వాళ్లలో ఒకటిన్నర రెట్లు. బీపీ, షుగర్, చిన్నప్పుడు మంచి బడి దక్కకపోవడం, డాక్టర్ దాకా రాలేకపోవడం అన్నీ కలిసి అలా అవుతుంది, పైగా కనిపెట్టేదే ఆలస్యం. ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ప్లేయర్లకి తల దెబ్బల వల్ల వచ్చిన జబ్బులకి ఇచ్చే పరిహారం కేసు చూడండి, నల్లవాళ్ల తెలివి మొదట్నుంచే తక్కువ అన్నట్టు లెక్క వేసి వాళ్లకి జబ్బు ఉందని తేలడమే కష్టం చేశారు, 2020లో ఇద్దరు ఆటగాళ్లు కోర్టుకెక్కితే 2021లో ఆ లెక్క తీసేస్తామని ఒప్పుకున్నారు. నా దగ్గరకొచ్చే నల్లజాతి పెద్దాయనలు "మీ టెస్టులు మాకోసం రాసినవి కావు" అంటే నేను కాదనలేను.
మీరిప్పుడు చేయాల్సింది ఏంటంటే, మళ్లీ అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని రికార్డులో రాయించండి. హిందీ వాళ్లని ఇస్తాం అంటారు, ఒప్పుకోవద్దు. మెడికేర్, మెడికెయిడ్ (ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్‌లు) డబ్బు తీసుకునే ఆసుపత్రి ఇంటర్‌ప్రెటర్‌ని ఫ్రీగా ఇవ్వాల్సిందే, అఫర్డబుల్ కేర్ యాక్ట్ అనే ఆరోగ్య చట్టం 1557వ సెక్షన్ అదే చెప్తుంది. తమ్ముణ్ణి కూర్చోబెట్టొద్దు, కొడుకు తెలియకుండానే క్లూ ఇస్తాడు లేదా తగ్గించి చెప్తాడు, తల్లి కూడా కొడుకు ముందు సిగ్గుపడుతుంది. రూడాస్ అనే టెస్ట్ అడగండి, ఆస్ట్రేలియాలో వలస వచ్చినవాళ్ల కోసమే తయారు చేశారు, అందులో గుర్తుంచుకోవాల్సినవి టీ, వంటనూనె, గుడ్లు, సబ్బు. ఇంట్లో ముందే ప్రాక్టీస్ చేయించకండి, టెస్ట్ పాడైపోతుంది. బీ12 విటమిన్, థైరాయిడ్, చెవులు, డిప్రెషన్ కూడా చూడమనండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతోందా? ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు, శాకాహారులైతే ఇంకా.

ఓరుగల్లు_బిడ్డ (డాలస్):
మాకు గిది ఉల్టా అయింది. మా బాపు మాటలు మర్చిపోతున్నడు అంటే డాక్టర్ "ఈ వయసుల మామూలే" అన్నడు, మేము కూడ "చాదస్తం" అనుకొని ఊకున్నం. మూడేండ్లు పోయినయ్. బ్యాంక్ పిన్ ఎవనికో ఫోన్‌ల చెప్పినంకగాని మాకు తెలివి రాలె. ఎవరికన్న చెప్తే ఏమనుకుంటరో అని ఇంట్లోనే దాచిపెట్టినం, దావత్‌లకు తీస్కపోవుడు బంద్ చేసినం, గదే పెద్ద తప్పు. మనిషి మాట్లాడేది తగ్గింది, ఇంకింత జల్దీ దిగజారిండు. అల్జైమర్స్ అసోసియేషన్ హెల్ప్‌లైన్ 800-272-3900, రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతరు, తెలుగు మనిషి కావాలంటే లైన్‌ల కలుపుతరు.

హైదరాబాద్_సైకాలజీ:
టెస్ట్ గురించి ఒక మాట. తెలుగులో సరైన పరీక్షలు లేవనుకోవద్దు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళం ఐదు భాషల్లో ఒక టెస్టుల సెట్ చేశారు, చదువు రానివాళ్లని కూడా దృష్టిలో పెట్టుకుని. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి టీం 2013లో 648 మంది పేషెంట్ల మీద చేసిన స్టడీలో రెండు భాషలు మాట్లాడేవాళ్లకి డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చింది, బడి మొహం చూడనివాళ్లలో కూడా. అమెరికాలో అయితే కాలిఫోర్నియాలో కైజర్ అనే ఆసుపత్రుల సంస్థ వాళ్ల 14 ఏళ్ల రికార్డుల్లో ఆసియన్లకే డిమెన్షియా రేటు అన్నిటికంటే తక్కువ కనిపించింది, కానీ అవి డాక్టర్ రాసిన డయాగ్నోసిస్‌ల లెక్క. డాక్టర్ దాకా రాని పెద్దమ్మలు ఏ లెక్కలోకీ రారు.

తెనాలి_అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్, ఐదు వారాల తర్వాత అప్‌డేట్ పెడుతున్నా. హిందీ అయితే రేపే అన్నారు, తెలుగే కావాలని పట్టుబట్టాను, ఫోన్‌లో ఇచ్చారు. అమ్మ మొదట "మీదే ఊరమ్మా" అని ఆ ఇంటర్‌ప్రెటర్‌ని అడిగింది, పొన్నూరు అనగానే మొహం వెలిగిపోయింది. రూడాస్ టెస్టే పెట్టారు, ఆ లిస్టులో గుడ్లు గుర్తుపెట్టుకుంది, "అవి మనింట్లోకి రావు కదా" అంది, నూనె చెప్పింది, సబ్బు మాత్రం ఎంత ఆలోచించినా రాలేదు. 30కి 20. 22 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే చూడాల్సిందేనట, అంటే అమ్మకి సమస్య ఉన్నమాట నిజమే, కాకపోతే తొలి దశలోనే ఉంది అన్నారు. బీ12 బాగా తక్కువుంది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. తమ్ముడు రిపోర్ట్ చూసి ఏం మాట్లాడలేదు, ఆదివారం వచ్చి అమ్మ మాత్రల డబ్బా వారానికి సర్దిపెట్టి వెళ్లాడు.
అట్లాంటా అక్కా, మెడికేర్‌లో డిమెన్షియా ఉన్నవాళ్ల కోసం గైడ్ అని ఏదో ప్రోగ్రాం ఉందట కదా, అమ్మకి వస్తుందా?

అట్లాంటా_నర్సు:
2024 జులైలో మొదలైంది చెల్లీ. అమ్మకి ఒరిజినల్ మెడికేర్ పార్ట్ ఏ, బీ రెండూ ఉండాలి, ప్రైవేట్ కంపెనీ ద్వారా తీసుకునే అడ్వాంటేజ్ ప్లాన్ అయితే రాదు. వచ్చి ఆరేళ్లయింది కాబట్టి గ్రీన్ కార్డ్ మీద ఐదేళ్లు ఇక్కడ ఉండాలన్న మెడికేర్ రూల్ దాటింది, ఇంకా మెడికేర్ తీసుకోకపోతే ప్రీమియం కట్టి కొనుక్కోవచ్చు. అందులో చేరితే ఒక కేర్ నావిగేటర్‌ని (ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో చూసిపెట్టే మనిషిని) ఇస్తారు, జబ్బు ముదిరినవాళ్ల కుటుంబాలకి కాస్త రెస్ట్ దొరికేలా సంవత్సరానికి 2,500 డాలర్ల దాకా కూడా ఇస్తారు. మీ క్లినిక్ అందులో ఉందో లేదో ముందు కనుక్కోండి. స్టవ్ గ్యాసా, ఎలక్ట్రికా?

తెనాలి_అమ్మాయి:
గ్యాసే అక్కా. వంట మాన్పించాలని లేదు, పొద్దున్నే కాఫీ తనే పెట్టుకోవాలి అమ్మకి. నాబ్‌లకి పెట్టే కవర్లు ఎవరైనా వాడారా, పెద్దవాళ్ల చేతులకి మరీ గట్టిగా ఉంటాయా?